అగ్నిదేవుడికీ తిండి జబ్బు చేసింది: అర్ధరాత్రి తిండి, కటిక ఉపవాసం, ఒక చెల్లెలి ప్రశ్న



ఏకాదశి ఉపవాసం మీద మనం చేసిన వీడియో చాలామంది చూశారు. దశమి రాత్రి నుంచి ద్వాదశి పారణ దాకా ఏం చేయాలి, ఏం తినకూడదు అన్నీ అందులో చెప్పాను. అది పెట్టిన రెండో రోజు ఒక చెల్లెలు నాకు మెసేజ్ పెట్టింది. పేరు, ఊరు చెప్పను. ఆమెని అడిగి, సరే అన్నాకే ఇది రాస్తున్నాను.

"అన్నా, నేను రాత్రిళ్ళు ఆపుకోలేకుండా తింటాను. ఆకలి ఉండదు, అయినా తింటూనే ఉంటాను. పొద్దున్న లేచి దేవుడి గదిలోకి వెళ్ళాలంటే సిగ్గేస్తుంది. ఎన్ని ఏకాదశులు కటిక ఉపవాసం ఉంటే ఈ పాపం పోతుంది?"

రెండు రోజులు నేను జవాబు ఇవ్వలేదు. జవాబు తెలియక కాదు. మూడేళ్ళ కింద ఇదే ప్రశ్న నన్ను నేనే వేసుకున్నాను కాబట్టి. ఆ వీడియోలో "ఉపవాసం చేస్తే నిగ్రహం వస్తుంది" అని నేను అన్న మాట ఈ చెల్లెలి చెవికి ఎలా వినిపించిందో అప్పుడు అర్థమైంది. అందుకే ఈసారి పండగ గురించీ వ్రతం గురించీ కాకుండా దీని గురించి రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నా సంగతి

అక్క పెళ్ళికి నాలుగు నెలలు ఉందనగా డైట్ మొదలుపెట్టాను. ఫోటోల్లో సన్నగా కనిపించాలని. పొద్దున్న టిఫిన్ మానేశాను, తర్వాత రాత్రి అన్నం కూడా మానేశాను. మొదటి నెల బాగానే ఉంది. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు కూడా.

రెండో నెలలో ఒక రిలీజ్ రోజు, కాల్స్ అన్నీ అయ్యేసరికి రాత్రి పదకొండున్నర. యాప్ తెరిచి ఒక్కటే ఆర్డర్ పెడదాం అనుకున్నాను. ఇద్దరి తిండి తెప్పించాను. అవతలివాళ్ళు ఇద్దరం ఉన్నామనుకోవాలని రెండు స్పూన్లు పెట్టమని రాశాను. డెలివరీ అబ్బాయిని బెల్ కొట్టొద్దన్నాను. గది తలుపు వేసుకుని, రుచి కూడా తెలియకుండా ఇరవై నిమిషాల్లో మొత్తం తినేశాను. కడుపు నొప్పి పుట్టినా చెయ్యి ఆగలేదు. తర్వాత డబ్బాలన్నీ కవర్లో కట్టి, రూమ్మేట్స్ చూడకుండా కింద చెత్తబుట్టలో వేసి వచ్చాను.

అది ఒక్కసారితో అయిపోలేదు. వారానికి ఒకసారి, తర్వాత రెండుసార్లు, మూడుసార్లు. తిన్న మర్నాడు నాకు నేనే శిక్ష వేసుకునేవాణ్ణి. మొదట సోమవారం ఉపవాసం. అది చాలదని గురువారం. తర్వాత శనివారం. వారంలో మూడు రోజులు కటిక ఉపవాసం! మా అమ్మ తెనాలిలో చుట్టాలందరికీ "మావాడికి ఈ వయసులోనే ఎంత భక్తో" అని గొప్పగా చెప్పుకునేది. అసలు సంగతి నాకూ ఆ దేవుడికీ మాత్రమే తెలుసు. భక్తి పేరు మీద నేను దాక్కుంటున్నాను.

ఒకసారి ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసి అమ్మ ప్రసాదం పంపింది. గోధుమ నూక ప్రసాదం, పెద్ద స్టీలు డబ్బా నిండా. "ఆఫీసులో అందరికీ పెట్టు నాన్నా" అంది. అది కార్తీక సోమవారం. పగలంతా ఉపవాసం ఉన్నాను, గుళ్ళో దీపాలు పెట్టాను, నక్షత్రం చూసి కొంచెం ఫలహారం తిన్నాను. రాత్రి ఒంటిగంటకి లైట్ వేయకుండా వంటింట్లో నిలబడి ఆ డబ్బా మొత్తం తిన్నాను. అడుగు గీకుతున్న చప్పుడుకి రూమ్మేట్ లేచొచ్చి లైట్ వేశాడు.

వాడు నవ్వలేదు, తిట్టలేదు. మంచినీళ్ళు ఇచ్చి పక్కన కూర్చున్నాడు. నేను ఏడ్చాను. పొద్దున్నే "రేయ్, డాక్టర్ దగ్గరికి వెళ్దాం పద" అన్నాడు.

ప్రసాదాన్ని దొంగలా తిన్నాను అనే మాట చాలాకాలం నన్ను పీకింది. ఇవాళ దాన్ని వేరేగా చూస్తాను. దేవుడు నా దగ్గరికి ప్రసాదం రూపంలో వచ్చి నా గుట్టు బయటపెట్టాడు. అది ఆయన దయ అనే అనుకుంటాను.

దీనికి ఒక పేరు ఉంది

నాకున్నది బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని డాక్టర్ చెప్పారు. ఆ పేరు వినగానే సగం బరువు దిగినట్టయింది. పేరుందంటే ఇది నా ఒక్కడికే వచ్చింది కాదన్నమాట.

కొత్తగా పుట్టిన ఫ్యాషన్ జబ్బు కూడా కాదు. అమెరికాలో ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే సైకియాట్రిస్ట్ 1959లోనే ఇలా తినేవాళ్ళ గురించి రాశారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5, అంటే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ళ పుస్తకం, దీన్ని విడిగా ఒక జబ్బుగా చేర్చింది. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా ఐసీడీ-11లోనూ ఉంది.

పెళ్ళి భోజనంలో నాలుగు బొబ్బట్లు ఎక్కువ తినడం ఈ జబ్బు కాదు. సంక్రాంతికి అరిసెలు వరసపెట్టి లాగించడం కూడా కాదు. అలాంటి తిండిలో సంతోషం ఉంటుంది, పక్కన మనుషులు ఉంటారు. డాక్టర్లు చూసేది వేరే. సుమారు రెండు గంటల్లోపు, అదే సమయంలో అదే పరిస్థితిలో మామూలుగా ఎవరైనా తినేదానికంటే బాగా ఎక్కువ తినేయడం. అలా తింటున్నప్పుడు "నేను ఆపలేను" అనిపించడం. ఈ రెండూ కలిసి ఉండాలి.

వాటితో పాటు ఈ ఐదింట్లో కనీసం మూడు ఉంటాయి:

- మామూలుకంటే చాలా వేగంగా తినడం
- కడుపు ఇబ్బంది పెట్టేదాకా తినడం
- ఆకలి లేకపోయినా ఎక్కువ తినడం
- ఎంత తింటున్నామో ఎవరైనా చూస్తారని సిగ్గుపడి ఒంటరిగా తినడం
- తిన్నాక తన మీద తనకే అసహ్యం, దిగులు, తప్పు చేశానన్న బాధ

ఇది వారానికి కనీసం ఒకసారి చొప్పున, మూడు నెలలు సాగితే, మనసుకి బాగా బాధ కలిగిస్తుంటే డాక్టర్లు ఈ పేరు పెడతారు. తిన్నదాన్ని పోగొట్టుకోవాలని వాంతి చేసుకోవడం లాంటివి తరచూ ఉంటే అది బులీమియా అనే ఇంకో జబ్బు కావచ్చు. దానికి ఇంకా త్వరగా డాక్టర్ని కలవాలి. శిక్షగా చేసే కటిక ఉపవాసాలు కూడా అదే లెక్కలోకి వస్తాయి కాబట్టి వాటి సంగతి డాక్టర్ దగ్గర దాచకూడదు. నేను మొదట దాచాను. పూర్తిగా చెప్పాక కూడా ఏ పేరు పెట్టాలో, ఏ మందు ఇవ్వాలో ఆయనే చూసుకున్నారు. పేరు నిర్ణయించే పని మనది కాదు, చెప్పే పని మనది.

ఇంకో ముఖ్యమైన మాట. మనిషిని చూసి ఇది చెప్పలేం. సన్నగా ఉన్నవాళ్ళకీ రావచ్చు, లావుగా ఉన్నవాళ్ళకీ రావచ్చు. ఆడవాళ్ళకీ వస్తుంది, మగవాళ్ళకీ వస్తుంది. లావుగా ఉన్న ప్రతి ఒక్కరికీ ఇది ఉందనుకోవడం కూడా తప్పే.

అర్జునుడు అడిగిన ప్రశ్న

"అయితే ఇది నిగ్రహం లేకపోవడమే కదా?" అని మీలో కొందరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

భగవద్గీత మూడో అధ్యాయం 36వ శ్లోకంలో అర్జునుడు ఒక ప్రశ్న వేస్తాడు. మనిషి తనకి ఇష్టం లేకపోయినా, ఎవరో బలవంతంగా తోసినట్టు, చేయకూడనిది ఎందుకు చేస్తాడు కృష్ణా అని. అడిగింది ఎవరో చూడండి. నిద్రనే జయించాడని గుడాకేశుడు అనిపించుకున్న మనిషి! నిగ్రహానికి మారుపేరు. అలాంటివాడికే "ఇష్టం లేకపోయినా, బలవంతంగా" అనే అనుభవం తెలుసు. బింజ్ చేసేవాళ్ళు డాక్టర్ దగ్గర చెప్పుకునేది అచ్చం ఇదే.

కృష్ణుడు జవాబులో కామాన్నీ క్రోధాన్నీ చూపించి, ఎంత తిన్నా చాలనిది అది, శత్రువు అదేనని తెలుసుకో అంటాడు. శత్రువు "అది" అన్నాడు. "నువ్వు" అనలేదు. గీతలోని కామం, డాక్టర్ చెప్పే జబ్బు ఒకటే అని నేను అనను. కానీ మనిషినీ, మనిషిని పట్టినదాన్నీ విడదీసి చూడటం కృష్ణుడి దగ్గర నేర్చుకోవచ్చు. సర్వర్ పడిపోతే మనం సర్వర్ని తిడతామా? లాగ్స్ తీసి ఏం జరిగిందో చూస్తాం. మన ఒంటి విషయంలో మాత్రం లాగ్స్ చూడం, తిట్లతో మొదలుపెడతాం.

కటిక ఉపవాసంతో ఎందుకు తగ్గదు?

ఇప్పుడు చెల్లెలి ప్రశ్నకి వద్దాం. ఎన్ని ఏకాదశులు?

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు తమంతట తామే ఒప్పుకుని వచ్చారు. వాళ్ళకి సుమారు ఆరు నెలలు తిండి బాగా తగ్గించారు. ఏమైంది? వాళ్ళకి తిండి తప్ప ఇంకో ఆలోచన లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. దిగులు, చిరాకు పెరిగాయి. తర్వాత తిండి మళ్ళీ దొరికినప్పుడు కొందరు ఎంత తిన్నా ఆకలి తీరక, ఆపుకోలేకుండా తిన్నారు. వాళ్ళు బలహీనులు కాదు. ఆకలితో మాడిన ఒళ్ళు చేసే పని అది.

నా వారం చూడండి. శనివారం ఉపవాసం. ఆదివారం రాత్రి ఒళ్ళు ఎదురు తిరిగి బింజ్. సోమవారం దానికి శిక్షగా మళ్ళీ ఉపవాసం. దానివల్ల మంగళవారం ఇంకో బింజ్. మందు అనుకుని వేసుకున్నదే జబ్బుని పెంచింది. అందరికీ ఇలాగే మొదలవుతుందని కాదు. కొందరికి దిగులు, ఒంటరితనం, చిన్నప్పటి నుంచి ఒంటి మీద విన్న మాటలు, ఇంట్లో ఉన్న బాధలు కారణం అవుతాయి. చాలామందికి ఇవన్నీ కలిసి వస్తాయి. కానీ మధ్యలో తిండి మాడ్చుకోవడం తోడైతే ఆ చక్రం ఇంకా గట్టిగా తిరుగుతుంది.

మన శాస్త్రం ఈ మాట ఎప్పుడో చెప్పింది. గీత ఆరో అధ్యాయం 16వ శ్లోకంలో కృష్ణుడు, అతిగా తినేవాడికి యోగం కుదరదు అని ఊరుకోలేదు. అసలు తినకుండా ఉండేవాడికీ కుదరదు అన్నాడు. మనం మొదటి సగం ఒక్కటే గుర్తుపెట్టుకుని, రెండో సగం మర్చిపోతాం. తర్వాతి శ్లోకంలో తిండి, తిరగడం, పని, నిద్ర, మెలకువ అన్నీ తగినంతగా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుంది అంటాడు.

పదిహేడో అధ్యాయంలో ఇంకా గట్టిగా చెప్పాడు. శాస్త్రం చెప్పని ఘోరమైన తపస్సులతో ఒంటిని పీడించేవాళ్ళు, ఆ ఒంట్లో ఉన్న నన్ను కూడా పీడిస్తున్నారు, వాళ్ళ నిశ్చయం అసురుల నిశ్చయం అంటాడు. ఐదు, ఆరు శ్లోకాలు చూడండి. ఇది మొదటిసారి శ్రద్ధగా చదివిన రోజు నేను పుస్తకం మూసేశాను. నేను శివుడి కోసం అనుకుని చేసిన సోమవారాలు శివుడి కోసం కాదు. నా మీద నాకున్న కోపంతో చేసినవి.

ఉపవాసం అంటే దగ్గరగా ఉండటం అని పెద్దలు చెబుతారు. భగవంతుడికి దగ్గరగా. మరి నా ఉపవాసాల్లో నేను రోజంతా దేనికి దగ్గరగా ఉన్నాను? తిండి ఆలోచనకి. పెదవుల మీద పంచాక్షరి, మనసులో ఫుడ్ యాప్ మెనూ. అది వ్రతం కాదండీ, శిక్ష. శిక్షకి దేవుడి పేరు పెట్టాను, అంతే.

ఉపవాసం తప్పు అని నేను అనడం లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఆనందంగా చేసే ఏకాదశి గొప్ప విషయం. కానీ రోగులకీ, గర్భిణులకీ, పసివాళ్ళకీ, ముసలివాళ్ళకీ మన పెద్దలు ఎప్పుడూ సడలింపు ఇచ్చారు. ఈ తిండి జబ్బు ఉన్నవాళ్ళు కూడా రోగులే. ఆ సడలింపు మనకీ వర్తిస్తుంది.

అగ్నిదేవుడి కథ

ఈ విషయంలో నాకు చాలా ధైర్యం ఇచ్చిన కథ మహాభారతం ఆదిపర్వంలో ఉంది. ఖాండవ దహనం అనగానే అందరికీ గాండీవం గుర్తొస్తుంది. అసలు అగ్ని ఆ అడవి దగ్గరికి ఎందుకొచ్చాడో చాలామంది పట్టించుకోరు.

శ్వేతకి అనే రాజు ఉండేవాడు. యజ్ఞాలంటే ప్రాణం. పన్నెండేళ్ళ పాటు ఎడతెగకుండా అగ్నిలో నెయ్యి ధార పోశాడు. అంత నెయ్యి తాగి తాగి అగ్నిదేవుడికి జబ్బు చేసింది. ఆహారం మీద అరుచి పుట్టింది, తేజస్సు తగ్గింది, ఒళ్ళు పాలిపోయింది. లోకంలో ప్రతిదాన్నీ జీర్ణం చేసే దేవుడికే తిండి జబ్బు!

అప్పుడు ఆయన ఏం చేశాడు? దాక్కోలేదు. బ్రహ్మదేవుడి దగ్గరికి వెళ్ళి నాకిలా ఉంది అని చెప్పుకున్నాడు. బ్రహ్మ "దేవుడివై ఉండి నీకిదేం రోగం" అనలేదు. ఏం చేస్తే తగ్గుతుందో చెప్పాడు. ఖాండవ వనంలో ఉన్నది తింటే తేరుకుంటావన్నాడు. అగ్ని ప్రయత్నించాడు. ఏడుసార్లు మొదలుపెడితే ఏడుసార్లూ ఆ మంట ఆరిపోయింది. నిరాశతో మళ్ళీ బ్రహ్మ దగ్గరికే వెళ్ళాడు. అప్పుడు బ్రహ్మ నరనారాయణుల సాయం అడగమన్నాడు. అగ్ని బ్రాహ్మణ వేషంలో యమున ఒడ్డున ఉన్న కృష్ణార్జునుల దగ్గరికి వచ్చి, నేను చాలా ఎక్కువ తినేవాణ్ణి, నాకు తృప్తి కలిగించండి అని నోరు తెరిచి అడిగాడు.

అగ్నికి వచ్చింది బింజ్ ఈటింగ్ అని నేను చెప్పడం లేదు. ఖాండవంలో కాలిపోయిన ప్రాణుల సంగతి కూడా చిన్నది కాదు, దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం. ఇవాళ ఈ కథలో మూడు విషయాలు చూద్దాం. జబ్బు దేవుడికీ వచ్చింది, అది పాపమని ఎవరూ అనలేదు. ఏడుసార్లు తప్పినా ఎనిమిదోసారి ప్రయత్నించాడు. ఒక్కడివల్ల కానప్పుడు ఇంకొకరి సాయం అడిగాడు, సాక్షాత్తు కృష్ణుడే చెయ్యి కలిపాడు.

పదిహేనో అధ్యాయం 14వ శ్లోకంలో అదే కృష్ణుడు, ప్రాణుల ఒంట్లో వైశ్వానరుడనే అగ్నిగా ఉండి అన్నాన్ని పచనం చేసేది నేనే అంటాడు. అంటే ఆ వంటింటి చీకట్లో కూడా నేను ఒంటరిగా లేను. నా కడుపులో ఆయన ఉన్నాడు. అసహ్యించుకుని వెళ్ళిపోలేదు.

చికిత్స ఎలా ఉంటుంది?

నేను మొదట వెళ్ళింది తప్పు చోటికి. బరువు తగ్గించే సెంటర్‌కి. వాళ్ళు ఇంకా కటువైన డైట్ చార్ట్ ఇచ్చారు. రెండు వారాల్లో ఇంకా దిగజారాను. తర్వాత సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళాను. ఆయన నా బరువు అడగలేదు. "పొద్దున్న ఏం తిన్నారు?" అని అడిగారు. ఏమీ తినలేదన్నాను. "అక్కడి నుంచి మొదలుపెడదాం" అన్నారు.

దీనికి బాగా పనిచేస్తుందని తెలిసిన చికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. సైకాలజిస్టుతో వారం వారం మాట్లాడతాం. అందులో మొదటి పని, టైముకి తినడం. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిన్న తిండి. మూడు నాలుగు గంటలకంటే ఎక్కువసేపు కడుపు ఖాళీగా ఉంచకూడదు. ముందురోజు రాత్రి బింజ్ అయినా సరే, మర్నాడు టిఫిన్ మానకూడదు. నాకు అన్నిటికంటే కష్టమైన నియమం ఇదే. రాత్రి అంత తిని పొద్దున్నే ఇడ్లీ తినడం అంటే పాపం మీద పాపం అనిపించేది.

రెండో పని, రాసుకోవడం. ఎప్పుడు, ఎక్కడ, ఏం తిన్నాను, అప్పుడు మనసు ఎలా ఉంది. తిట్టుకోకుండా, లాగ్ రాసినట్టు. నెల తర్వాత చూస్తే నా బింజ్‌లు ఎక్కువగా రెండు చోట్ల ఉన్నాయి: టిఫిన్ మానేసిన రోజుల్లో, మేనేజర్‌తో కాల్ అయిన రాత్రుల్లో. అవసరమైతే కొందరికి మందులు కూడా ఇస్తారు. దిగులు, ఆందోళన ఉంటే వాటికీ చికిత్స చేస్తారు. షుగర్, బీపీ లాంటివి కూడా చూపించుకోవడం మంచిది. సాధారణంగా కొన్ని నెలలు పడుతుంది. తగ్గినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఉపవాసాలు కొన్నాళ్ళు ఆపమని డాక్టర్ అంటే నేను ఆయనతో గొడవపడ్డాను. "దేవుడి విషయంలో మీరు కలగజేసుకోకండి" అన్నాను. ఆ వారం ఊరెళ్ళినప్పుడు మా గుడి అర్చకులవారికి మొత్తం చెప్పాను. ఆయన తాపీగా విని, "రోగికి ఉపవాసం లేదు నాన్నా. వేళకి తినడమే ఇప్పుడు నీ నియమం. స్వామికి చెప్పి మొదలుపెట్టు" అన్నారు. ఆ ఒక్క మాటతో నా భయం పోయింది. మీకూ ఇలాంటి సందేహం ఉంటే మీ గురువుగారినో, పెద్దవాళ్ళనో అడగండి. అడగడంలో తప్పు లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ. తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ పేరెత్తితే మనవాళ్ళు జోకులేస్తారు. ఆ జోకులు నవ్వించడం సంగతి అలా ఉంచి, ఎంతమందిని డాక్టర్ గడప తొక్కకుండా ఆపాయో. పన్ను నొప్పికి వెళ్ళినట్టే మనసు నొప్పికీ వెళ్ళాలి. బతకాలని లేదు అనే ఆలోచన వస్తుంటే మాత్రం రేపటిదాకా ఆగొద్దు. ఇప్పుడే ఆ నంబరుకి చేయండి, పక్కనున్న మనిషిని లేపండి.

మరి సాధన సంగతి?

స్తోత్రం చదివితే ఈ జబ్బు పోతుందని నేను చెప్పను. మందుకి మందు, మంత్రానికి మంత్రం. కానీ కోలుకుంటున్నప్పుడు నాకు తోడుగా ఉన్నవి కొన్ని చెబుతాను. ఇవి కొత్త రూల్స్ కావు. ఒక రోజు తప్పితే తిట్టుకోవాల్సిన పని లేదు.

ఒకటి, కూర్చుని తినడం. దేవుడికి నైవేద్యం ఎలా పెడతాం? శుభ్రమైన గిన్నెలో పెట్టి, చుట్టూ నీళ్ళు తిప్పి, ప్రశాంతంగా నివేదిస్తాం. ప్యాకెట్ చించి చీకట్లో పెట్టం కదా. లోపల వైశ్వానరుడు ఉన్నాడని నమ్మితే ఆయనకీ అదే మర్యాద. కంచంలో వడ్డించుకుని, లైట్ వేసుకుని, వీలైతే ఎవరితోనైనా కలిసి తింటాను.

రెండు, అన్నాన్ని తిట్టకపోవడం. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో, భృగువు తన తండ్రి వరుణుణ్ణి బ్రహ్మం అంటే ఏమిటని అడిగి తపస్సు చేస్తే, మొదట తెలుసుకున్నది అన్నమే బ్రహ్మమని. తర్వాత ఇంకా పైకి వెళ్ళాడు, కానీ అన్నాన్ని నిందించకూడదు అనేది వ్రతంగా ఆ ఉపనిషత్తే చెప్పింది. "ఇది జంక్, ఇది విషం, ఇది చీట్ మీల్" అని మనం రోజూ చేసేది నిందే. తెల్లన్నం చూస్తే భయపడే స్థితికి వెళ్ళాను నేను. ఇప్పుడు పప్పన్నం నెయ్యి వేసుకుని తింటున్నాను.

మూడు, ఏకాదశి రోజు తిండి బదులు ఇంకోటి వదలడం. నేను ఆ రోజు ఫోన్‌లో రీల్స్ చూడను, సహస్రనామం వింటాను, ఎవరికైనా భోజనం పెట్టిస్తాను. దేవుడికి దగ్గరగా ఉండటానికి కడుపు ఒక్కటే దారి కాదు.

నాలుగు, తప్పిన రోజు చేసే ప్రార్థన. ఇంతకుముందు "క్షమించు స్వామీ, రేపు తినను" అనేవాణ్ణి. ఇప్పుడు "స్వామీ, ఇవాళ కష్టమైంది, రేపు పొద్దున్న టిఫిన్ తినే ధైర్యం ఇవ్వు" అంటాను.

ఇంట్లోవాళ్ళకి ఒక మాట

ఇది చదువుతున్న అమ్మలు, నాన్నలు, అక్కలు, స్నేహితులు ఉంటే, దయచేసి ఎవరినీ కుంభకర్ణుడు, బకాసురుడు అని పిలవకండి. సరదాకే అంటాం. వినేవాళ్ళు ఆ రాత్రి ఆ మాటని తింటారు. "ఏంట్రా లావయ్యావు", "ఏంటమ్మా చిక్కిపోయావు" రెండూ వద్దు. ఫ్రిజ్‌కి తాళాలు వేయకండి, కంచంలో ఎంత పెట్టుకున్నారో లెక్కపెట్టకండి. ఎలా ఉన్నావని అడగండి. పక్కన కూర్చుని తినండి. డాక్టర్ దగ్గరికి నేనూ వస్తానని చెప్పండి. నా రూమ్మేట్ చేసింది ఇంతే.

మా అమ్మకి చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. భక్తుడనుకున్న కొడుకు దొంగతనంగా తిన్నాడని తెలిస్తే ఏమైపోతుందో అని భయపడ్డాను. విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇన్నాళ్ళూ ఒక్కడివే పడ్డావా నాన్నా" అంది. ఇప్పుడు రోజూ తొమ్మిదింటికి ఫోన్ చేసి "టిఫిన్ అయిందా?" అంటుంది. అది నా సుప్రభాతం.

నాకు పూర్తిగా తగ్గిపోయిందా అంటే, చాలావరకు. పోయిన ఏడాది రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ మర్నాడు టిఫిన్ తిన్నాను, సైకాలజిస్టుకి ఫోన్ చేశాను. అగ్నిదేవుడి లెక్కలో నాకింకా చాలా ప్రయత్నాలు మిగిలే ఉన్నాయి.

చెల్లీ, ఇదీ నా జవాబు. నువ్వడిగిన ఏకాదశుల లెక్క సున్నా. నీకు వచ్చింది జబ్బు, పాపం కాదు. రేపు పొద్దున్న స్నానం చేసి, దేవుడి గదిలోకి వెళ్ళి దీపం పెట్టు. తర్వాత కూర్చుని టిఫిన్ తిను. ఆ తర్వాత ఒక్క మనిషికి చెప్పు. అక్కకో, స్నేహితురాలికో, డాక్టర్‌కో, 14416లో ఫోన్ ఎత్తినవాళ్ళకో. మిగిలినది వాళ్ళతో కలిసి చూసుకోవచ్చు. నీ మొహం చూడటానికి దేవుడికి ఎప్పుడూ సిగ్గు లేదు.

మీ ఇంట్లో, హాస్టల్లో, ఆఫీసులో ఇలాంటి వాళ్ళు ఉన్నారనిపిస్తే ఇది వాళ్ళకి పంపండి. అందరికీ ఆరోగ్యం, మనశ్శాంతి ఇవ్వమని ఆ వైశ్వానరుణ్ణే వేడుకుంటూ, మళ్ళీ కలుద్దాం.

శుభం భూయాత్.